బరువు అంటే ఏమిటి?



ఈ పూట నేను మాట్లాడబోయేది భౌతికశాస్త్రం గురించి. "అదేదో పిల్లల చదువు, మనకెందుకులే" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోకండి. వెళ్ళినా ఫరవాలేదు, అక్కడ ఉన్నదీ అదే. ఫార్ములాలు చెప్పను. ఒకే ఒక్క మాట పట్టుకుని, అది ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోదాం. ఆ మాట: బరువు.

రోజుకు ఎన్నిసార్లు అంటామో ఈ మాట. కూరల బండి దగ్గర తూకం సరిగ్గా వెయ్యమని పేచీ పెడతాం. నిండు సిలిండరు కదపలేక ఎవరినో పిలుస్తాం. చంటిదాన్ని నెలనెలా తూయించి కార్డు మీద రాయించుకుంటాం. మరి బరువు అంటే ఏమిటండీ? "కిలోలు" అంటారా? కిలో అనేది కొలత. గజం బద్ద బట్ట కాదు కదా, కిలో కూడా అంతే. "వస్తువులో ఉన్న సరుకు" అంటారా? సగం దారికి వచ్చినట్టే. కాని సగమే.

ఈ ప్రశ్న నన్ను అడిగింది మా పిన్ని. రాజోలు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక పల్లెలో ఉంటుంది. అయిదో తరగతితో ఆవిడ చదువు మాన్పించారు. నేనేమో ముప్ఫై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పాను. ఆ ముప్ఫై ఏళ్ళలో ఒక్క విద్యార్థి "బరువు అంటే ఏమిటండీ" అని అడగలేదు. తెలిసి కాదు, పరీక్షలో రాసేందుకు ఒక వాక్యం ఉంటే వాళ్ళకు చాలు. పిన్నికి పరీక్ష లేదు. పైగా ఆవిడకు జవాబుతో నిజంగా పని పడింది. ఆ పని నూతి గురించి, దాని దగ్గరికి మెల్లిగా వస్తాను.

పెరట్లో కొబ్బరి చెట్ల కింద కూర్చున్నాం గనక కొబ్బరికాయతోనే మొదలుపెట్టాను. కురిడీ మీకు తెలుసు కదా? కాయను నెలల తరబడి అటక మీద పడేస్తే లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి గుండు చిప్పను వదిలేసి గలగలలాడుతుంది. పరిమాణం మామూలు కాయంతే, బరువు బాగా తక్కువ. "పిన్నీ, ఒక చేత్తో కురిడీ, ఒక చేత్తో నీళ్ళున్న కాయ పట్టుకుని డాబా మీంచి ఒకేసారి వదిలితే ఏది ముందు నేల మీద పడుతుంది?" అన్నాను.

"బరువైందే" అంది, అదేం ప్రశ్న అన్నట్టు.

మీలోనూ చాలామంది అదే అంటారు. సిగ్గుపడనక్కరలేదు, అరిస్టాటిల్ అంతటివాడు అన్నాడు, ఆయన మాటే దాదాపు రెండు వేల ఏళ్ళు చెల్లింది. 1600 ప్రాంతంలో ఇటలీలో గెలీలియో కాదన్నాడు. మా పిన్ని మనవడు అవేవీ ఆలోచించకుండా రెండు కాయలూ పట్టుకుని డాబా ఎక్కాడు. కింద ఇసక పోగు. రెండూ వదిలాడు. ధబ్బుమని ఒకటే చప్పుడు. మళ్ళీ వెయ్యమంది పిన్ని. మళ్ళీ ఒకటే చప్పుడు. నాలుగోసారికి ఆవిడే లేచి వచ్చి, వాడు చేతులు సమానంగా వదులుతున్నాడో లేదో చూసింది. నాకు ముచ్చటేసింది. శాస్త్రజ్ఞులు చేసేది ఇదే, కాస్త ఖరీదైన సామానుతో.

మరి బరువైనదాన్ని భూమి ఎక్కువ లాగుతుంది కదా, అది ముందెందుకు పడదు? నిజమే, ఎక్కువే లాగుతుంది. కాని బరువైనదాన్ని కదిలించడమూ ఎక్కువ కష్టమే. ఖాళీ గిన్నెను గచ్చు మీద వేలితో తోస్తే జారిపోతుంది. పెళ్ళివంటల గుండిగను తొయ్యాలంటే ఇద్దరు కావాలి. వస్తువులో సరుకు రెట్టింపైతే దాని మొండితనమూ రెట్టింపవుతుంది, భూమి దాన్ని లాగే లాగుడూ రెట్టింపవుతుంది. ఒకదానికి ఒకటి చెల్లు. అందుకే ఒకేసారి పడతాయి. ఈక నెమ్మదిగా పడుతుందంటే దానికి గాలి అడ్డు. గాలి లేని చోట ఆ తేడా కూడా ఉండదు. 1971 ఆగస్టులో అపోలో 15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద నిలబడి ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో ఈక వదిలాడు. అక్కడ గాలి లేదు. రెండూ ఒక్కసారే నేలను తాకాయి.

ఇందాక "సగం దారి" అన్నాను. ఇదిగో మిగతా సగం. బరువు అనే మాటలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి వస్తువులో ఉన్న సరుకు. పుస్తకాల్లో దీన్ని ద్రవ్యరాశి అంటారు. రెండోది ఆ సరుకును కింద ఉన్న గ్రహం లాగే లాగుడు. శాస్త్రం ఈ లాగుడునే బరువంటుంది. ఇంట్లో ఉన్నంతసేపూ ఈ తేడాతో మనకు పని లేదు. చంద్రుడి మీదికి వెళ్తే పని పడుతుంది. ఆరు కాసుల గొలుసు తీసుకువెళ్ళి అక్కడ స్ప్రింగు కాటాకు తగిలిస్తే ఒక్క కాసే చూపిస్తుంది, ఎందుకంటే చంద్రుడి లాగుడు మన భూమి లాగుడులో ఆరో వంతు. గొలుసు తరిగిందా? లేదు. అదే గొలుసును కంసాలి త్రాసులో ఒక పళ్ళెంలో వేసి, రెండో పళ్ళెంలో రాళ్ళు వేస్తే అక్కడ కూడా ఆరు కాసులే తూగుతుంది. రాళ్ళ బరువూ ఆరో వంతే అయింది కదా. స్ప్రింగు లాగుడును కొలుస్తుంది, త్రాసు సరుకును సరిపోలుస్తుంది. బంగారం విషయంలో మన పెద్దవాళ్ళు త్రాసునే నమ్మడంలో తప్పేమీ లేదన్నమాట.

పిన్ని ఇక్కడ అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది. "కొబ్బరికాయను భూమి లాగుతుంది, పడుతుంది. సరే. మరి చందమామను లాగడం లేదా? లాగితే పడదేం?"

ఇంగ్లండులో న్యూటన్ అనే ఆయన సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకున్నాడు. ఆయన చెప్పిన జవాబు వింటే మొదట నవ్వొస్తుంది. చందమామ పడుతూనే ఉంది! ఎలాగో చెబుతాను, లెక్క చిన్నదే. చెట్టు మీంచి ఊడిన కాయ మొదటి సెకనులో పదహారు అడుగులు పడుతుంది. రెండు సెకన్లు గడిచేసరికి మొత్తం అరవై నాలుగు అడుగులు. అంటే బాగా ఎత్తైన చెట్టు మీంచి ఊడితే మనకు చేతిలో ఉన్న టైము రెండు సెకన్లే. పిల్లల్ని చెట్ల కింద మంచాలు వేసుకోనివ్వకండి. ఇప్పుడు చంద్రుడు. భూమి నడిబొడ్డు నుంచి నేల పైదాకా ఎంత దూరమో, చంద్రుడు దానికి అరవై రెట్లు దూరంలో ఉన్నాడు. దూరం పెరిగేకొద్దీ లాగుడు వేగంగా తరుగుతుంది: రెండు రెట్లు దూరమైతే నాలుగో వంతు, మూడు రెట్లయితే తొమ్మిదో వంతు. అరవై రెట్లంటే అరవై అరవైల మూడు వేల ఆరు వందలో వంతు. పదహారు అడుగుల్ని అన్ని భాగాలు చేస్తే ఎంతొస్తుంది? మిల్లీమీటరున్నర లోపు. ఒక చిన్న ఆవగింజ మందం. చంద్రుడు సెకనుకు ఆవగింజంత మన వైపు పడుతున్నాడు. అదే సెకనులో పక్కకు ఒక కిలోమీటరు పరుగెడుతున్నాడు. కిలోమీటరు పక్కకు పోయి ఆవగింజంత కిందికి వంగితే దారి గుండ్రంగా తిరుగుతుందే గాని నేలను తాకదు. ఆ గుండ్రమే నెల రోజుల ప్రదక్షిణ. 1687లో అచ్చయిన తన పుస్తకంలో న్యూటన్ ఈ లెక్క చూపించాడు. పెరట్లో ఊడిన కాయకూ, ఆకాశంలో చంద్రుడికీ ఒకటే చట్టమని తేలింది. అంతకు ముందు పైలోకం చట్టాలు వేరు, కింది లోకం చట్టాలు వేరు అనుకునేవారు.

"ఎందుకు లాగుతుంది?" అని మీరు వెంటనే అడుగుతారు. పిన్ని అడిగింది. ఎంత లాగుతుందో న్యూటన్ చెప్పాడు గాని ఎందుకో చెప్పడానికి ఒప్పుకోలేదు. 1915లో ఐన్‌స్టీన్ ఇంకా లోతుకు వెళ్ళాడు. బరువైన వస్తువు దగ్గర చోటూ కాలమూ రెండూ వంగుతాయనీ, ఆ వంపు వెంట పోవడమే పడడమనీ అన్నాడు. అది ఇంకో రోజుకు ఉంచుదాం.

భూమి చంద్రుణ్ణి లాగితే చంద్రుడు భూమిని లాగడా? లాగుతాడు. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో ఒక పూట కూర్చుంటే చాలు, కళ్ళారా చూడొచ్చు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. చంద్రుడికి దగ్గరగా ఉన్న సముద్రపు నీటిని చంద్రుడు ఎక్కువ లాగుతాడు, భూమి నడుమను అంతకన్నా తక్కువ, అవతలి వైపు నీటిని ఇంకా తక్కువ. దాంతో నీరు ఇటూ అటూ రెండు వైపులా ఉబ్బుతుంది. భూమి తిరుగుతూ ఒక్కో ఉబ్బు కిందికి మనల్ని తీసుకువెళ్తుంది. ఈలోగా చంద్రుడు కూడా కాస్త ముందుకు జరుగుతాడు గనక పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. రేవులో పడవ నడిపేవాళ్ళకు ఈ లెక్క పుస్తకం చూడకుండానే వచ్చు. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు ఒకే వరసలోకి వచ్చి కలిసి లాగుతారు, ఆ రోజుల్లో పోటు ఇంకా పెద్దది.

ఇక్కడితో వేడుక అయిపోయింది, అసలు బాధ మొదలవుతుంది. పోటుతో పాటు ఉప్పునీరు లోపలికి వస్తుంది. నదుల్లోంచి, పంట మురుగు పోయే డ్రెయిన్లలోంచి వెనక్కి ఎగదన్నుతుంది. 2025లో శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఇలా ఉప్పునీరు ఎక్కి, రాజోలు ప్రాంతంలో కేశనపల్లి వైపు కొబ్బరి తోటలు తలలు వాల్చేసిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. అది కంటికి కనపడే ఉప్పు. కనపడనిది నేల కింద ఉంది.

పిన్నిది ఆ కనపడని ఉప్పే. ఏళ్ళ తరబడి తియ్యగా ఉన్న నుయ్యి మెల్లిగా చప్పబడింది, తరవాత ఉప్పబడింది. సబ్బు నురగ రావడం మానేసింది. కందిపప్పు గంటసేపు ఉడికినా పలుకు పలుకుగానే ఉండిపోయేది. పిన్ని కొడుకు, అంటే మా తమ్ముడు, రెండు వందల అడుగుల బోరు వేయిద్దామన్నాడు. లోతుకు పోతే మంచినీళ్ళు పడతాయని వాడి నమ్మకం. అప్పు కూడా మాట్లాడుకున్నాడు. "లోతుకు పోతే మంచివే పడతాయంటావా?" అని పిన్ని నాకు ఫోను చేసింది. బరువు ప్రశ్న పుట్టింది అక్కడ.

కోనసీమ అంటే ఏమిటో ఒకసారి తలుచుకోండి. ఇటు వశిష్ఠ, అటు గౌతమి, మధ్యలో వైనతేయ, దక్షిణాన సముద్రం. నేలంతా గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, సముద్రం తోసిన ఇసక. వాన కురిస్తే ఆ ఇసకలోకి ఇంకుతుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి నీరు కాలవల్లో వచ్చి, అది కూడా ఇంకడం మొదలైంది. గన్నవరం దగ్గర ఆ కాలవ అక్విడక్టు మీదుగా వైనతేయను దాటుతుంది: కింద నది, పైన కాలవ. ధవళేశ్వరం నుంచి రాజోలు దాకా ఆ నీటిని మోటార్లేవీ తొయ్యడం లేదు, దాని బరువే దాన్ని నడిపిస్తోంది. అలా ఇంకిన తీపినీరు అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది.

"నీళ్ళ మీద నీళ్ళు తేలడమేమిటే?" అంది పిన్ని.

ఇరవై లీటర్ల బిందె తీసుకోండి. మంచినీరైతే ఇరవై కిలోలు. సముద్రపు నీరైతే ఇరవై కిలోల అరకిలో. అరకిలో ఎక్కువ ఉప్పునీటిది, అందుకే అది కిందికి పోతుంది, తేలికది పైన నిలుస్తుంది. ఒకే చోటులో ఎంత సరుకు ఇమిడి ఉందో చెప్పే ఈ లెక్కకు సాంద్రత అని పేరు. ఇంకో రకంగా చెబితే, నలభై అడుగుల ఎత్తు ఉప్పునీరు ఎంత బరువో, నలభై ఒక్క అడుగుల ఎత్తు మంచినీరు అంత బరువు. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. సముద్రం ఒడ్డున ఇసకలో మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక అడుగు పైన ఉంటే, ఆ నలభై ఒక్క అడుగుల లెక్క సరిపోవాలి గనక, కింద నలభై అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. ఎంత అదృష్టం! కాని ఇదే లెక్క తిరగేసి చూడండి. మోటారు పెట్టి లాగి లాగి మంచినీటి మట్టాన్ని ఒక అడుగు దించేస్తే, తూకం మళ్ళీ కుదిరేసరికి కింది ఉప్పునీరు నలభై అడుగులు పైకి వస్తుంది. పైన ఒకటి పోతే కింద నలభై పోతాయి.

ఈ సంగతి 19వ శతాబ్దం చివర హాలెండులో బాడన్ గైబెన్, 1901లో జర్మనీలో హెర్జ్‌బెర్గ్ విడివిడిగా లెక్క కట్టారు. కోనసీమ నేల అంత సాఫీ కాదనుకోండి. మధ్యమధ్య బంకమట్టి పొరలున్నాయి, లోతున ఏనాటి సముద్రపు నీరో చిక్కుబడి ఉంది. లెక్క ఊరూరికీ మారుతుంది. దిక్కు మాత్రం మారదు: లోతుకు పోయేకొద్దీ ఉప్పుకు దగ్గరవుతాం.

మరి మన తాతల నూతులు ఎందుకు చెడలేదు? మోటారుకు బదులు చేద ఉండడం ఒక కారణం. ఇంకో కారణం గాలి బరువు. నవ్వకండి, గాలికీ బరువుంది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న మీ గదిలో గాలి తూస్తే సుమారు నలభై కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తా, దాని మీద ఇంకో సగం బస్తా! ఆకాశం దాకా ఉన్న గాలంతా కలిసి మన అరచేతి మీద సుమారు వంద కిలోల బరువుతో నొక్కుతోంది. చెయ్యి కింది నుంచీ అంతే నొక్కుతుంది గనక మనకు తెలియదు. బొండంలో స్ట్రా పెట్టి పీల్చినప్పుడు నీళ్ళను మనం లాగుతున్నామనుకుంటాం. మనం చేసేది స్ట్రాలో గాలి తీసెయ్యడమే. బొండం మీద ఉన్న గాలి నీళ్ళను స్ట్రాలోకి తోస్తుంది. ఎంత ఎత్తుకు తొయ్యగలదు? మహా అయితే ముప్ఫై నాలుగు అడుగులు, ఆ ఎత్తు నీటి బరువు గాలి బరువుకు సమానం. ఇటలీలో నూతిపంపులు చేసేవాళ్ళకు ఈ హద్దు తెలుసు, కారణం తెలియలేదు. 1643 నాటికి టోరిచెల్లి చెప్పాడు. నూతి గట్టు మీద కూర్చుని పీల్చే పంపు ఏదైనా ఈ హద్దు దాటలేదు, నిజానికి పాతిక అడుగులకే ఆయాసపడుతుంది. అంటే ప్రకృతే మనకు ఒక గిరి గీసి పెట్టింది. తరవాత నీళ్ళలో ముంచే సబ్‌మెర్సిబుల్ మోటారు వచ్చింది. అది పీల్చదు, కింది నుంచి తోస్తుంది. గిరి చెరిగిపోయింది. రెండు వందలు, మూడు వందల అడుగులు, డబ్బుంటే చాలు.

ఇదంతా ఫోనులో చెబితే మా తమ్ముడు వింటాడా? పండక్కి వెళ్ళినప్పుడు వంటింట్లో చేసి చూపించాం. మీరూ చెయ్యొచ్చు. పొడుగాటి గాజు గ్లాసులో సగానికి ఉప్పునీళ్ళు పోసి, బీట్‌రూటు ముక్క నానబెట్టి ఎర్రగా చెయ్యండి. ముక్క తీసేశాక, చెంచా బోర్లించి దాని వీపు మీంచి మంచినీళ్ళు సన్నధారగా పొయ్యండి. తొందరపడితే కలిసిపోతాయి, చంటిపిల్లకు ఉగ్గు పోసినంత నెమ్మదిగా పొయ్యాలి. కింద ఎరుపు, పైన తెలుపు, మధ్యన గీత గీసినట్టు నిలుస్తుంది. ఇప్పుడు స్ట్రా కొసను ఆ గీతకు అరంగుళం పైన ఉంచి మెల్లిగా పీల్చండి. తెల్లనీళ్ళే వస్తాయి. అదే చోట ఉంచి గట్టిగా పీల్చండి. గీత స్ట్రా కిందికి మొలకలా లేచి, నోట్లోకి ఎర్రటి ఉప్పునీళ్ళు వస్తాయి. తమ్ముడు గట్టిగా పీల్చాడు. మొహం చిట్లించాడు. "బోరు కొస ఇంకా కిందికి దింపితే?" అని పిన్ని వాడి చేతిలోంచి స్ట్రా తీసుకుని ఎరుపులోకి దింపింది. ఆ తరవాత ఎవరూ మాట్లాడలేదు.

బోరు వెయ్యలేదు. వాడు ఒప్పుకున్నది భౌతికశాస్త్రాన్ని కాదు, అప్పు తప్పినందుకని నా అనుమానం. బోరుకు బదులు పెరటి రెండు మూలలా తక్కువ లోతున రెండు ఫిల్టరు పాయింట్లు దింపారు. చిన్న మోటారు పెట్టి, ఒకచోటే గంటలకొద్దీ లాగకుండా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కాసేపు వాడతారు. డాబా మీద పడ్డ వానను గొట్టంతో ఇసక గుంతలోకి దింపారు. పూడిపోయిన పాత చెరువు గుంట తవ్వించారు. మొదటి వేసవిలో ఏమీ మారలేదు, నాకే గుండె దడగా ఉండేది. రెండో వానాకాలం దాటాక పప్పు ఉడకడం మొదలైంది. నుయ్యి పూర్తిగా తీపెక్కలేదు, తాగడానికి ఇప్పటికీ టిన్ను నీళ్ళే కొంటున్నారు. నేల కింద నీటికి దడి కట్టలేం కదా. చుట్టుపక్కల అందరూ పెద్ద మోటార్లతో లాగుతుంటే ఒక ఇంటి పొదుపు ఎంతకని ఆగుతుంది? ఆ ఊరి రొయ్యల చెరువుల సంగతి ఎత్తితే ఈ ప్రసంగం సరిపోదు.

ఇది పల్లెటూరి సంగతి అనుకునేరు. విశాఖలో, చెన్నైలో సముద్రానికి దగ్గరగా అపార్టుమెంటుల్లో ఉంటున్న అక్కచెల్లెళ్ళు నా మాట వింటున్నారని నాకు తెలుసు. మీ కింద కూడా అదే గ్లాసు ఉంది. చెన్నైకి ఉత్తరాన మీంజూరు వైపు భూగర్భంలోకి సముద్రం కిలోమీటర్ల కొద్దీ చొచ్చుకువచ్చింది. తమిళనాడులో 2003లో ఇంటింటికీ వాననీటి గుంత తప్పనిసరి చేశారంటే ఊరికే కాదు. ఈసారి అసోసియేషన్ మీటింగులో బోరు ఇంకా దింపించాలనే మాట వస్తే, ఎంత లోతు అని కాక, అక్కడ నీరు ఎంత బరువు అని అడగండి. ముందు నవ్వుతారు. తరవాత ఎవరో ఒకరు నీళ్ళు పరీక్షకు పంపిస్తారు.

ఇలాంటి సంగతులు తెలుగులో హాయిగా చదువుకోవాలంటే మహీధర నళినీమోహన్ గారి పుస్తకాలు వెతకండి. ముంగండ మహీధర వారి కుటుంబం ఆయనది, మన కోనసీమవారే. ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబరేటరీలో పని చేస్తూ, "పిడుగు దేవర కథ", "కేలెండర్ కథ" లాంటివి రాశారు. పిన్నికి నేను ఆ రెండూ ఇచ్చాను. కళ్ళజోడు మార్పించుకుని మరీ చదువుతోంది.

పిన్ని ఇప్పుడు నూతిలోకి ఒక ముళ్ళు వేసిన తాడు వేలాడదీసింది, ఎన్ని ముళ్ళు తడిశాయో వారం వారం కేలెండరులో రాసుకుంటుంది, పాల లెక్క పక్కనే. కిందటి నెల ఫోను చేసి, "ఏమే, అమావాస్య నాడు వాన లేదు, ఏం లేదు, నూతిలో నీళ్ళు రెండంగుళాలు పైకి లేచాయి. సాయంత్రానికి మళ్ళీ దిగాయి. చంద్రుడు నా నుయ్యి కూడా లాగుతున్నాడేంటి?" అంది.

నూతిని కాదు. కాని సముద్రానికి దగ్గరున్న నూతుల్లో పోటుకు నీరు లేస్తుంది, పాటుకు దిగుతుంది. అది నిజం, కొలిచి చూసిన సంగతే. ఆ రెండంగుళాలు ఎలా లేచాయో ఇందాకటి గ్లాసునూ, అంతర్వేది పోటునూ పక్కపక్కన పెట్టుకుని మీరే చెప్పగలరు. పిన్ని చెప్పేసింది.

సెలవు.